పదిహేడో నంబరు గడప

ముందు సైరన్ మోగింది, ఆ తరువాతే తెల్లవారింది. ఉక్కు నగరంలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పేర్లు కులాన్ని చెబుతాయని, అందరూ సమానంగా బతకాలని, ఆ నగరాన్ని కట్టినవారు పనివాళ్ళకు ఇంటి నంబరునే పేరుగా పెట్టారు. అక్కడ ఇల్లు పనితో వస్తుంది, పనితోనే పోతుంది.

పదిహేడు అనే మనిషి కొలిమి దగ్గర చనిపోయి మూడు రోజులైంది. అతని భార్య నూకరత్నం మూట కట్టుకుని గడప లోపల నిలబడింది. ఏడుపు రాలేదు. కొలిమిలో అతని పనికి వచ్చినవాడు, భార్యతో సహా వాకిట్లోకి వచ్చాడు.

"ఒదినా, కుళాయికి నీలొస్తాయేటి?" అంది ఆ అమ్మాయి.

"సైరన్ కూసినప్పుడొస్తాయి."

"ఇక్కడున్న అన్నయ్య పేరేటి?"

"పదిహేడే."

"ఓలమ్మో, అది ఇప్పుడు మా ఆయన గదా!" అని నవ్వింది.

నూకరత్నం నవ్వలేదు. భర్త పేరును ఆమె జన్మలో ఒక్కసారే పలికింది. పెళ్ళయి అత్తవారింట అడుగుపెట్టిన నాడు, ఆడపడుచులు గడపకు అడ్డం నిలిచి పలికించారు. ఆ పేరు ఎరిగినది ఈ నగరంలో తానొక్కతే. తాను వెళ్ళిపోతే ఇక్కడ పదిహేడు ఉంటాడు, అతను ఉండడు.

గడప మీద ఆమె కాలు ఆగింది.

"ఇనుకో పిల్లా," అంది. "ఆయన పేరు పైడయ్య."