అరకిలో వంకాయలు

“ఆయనకి వంకాయంటే ప్రాణం. అరకిలో తూచమ్మా,” అన్నాడు తమ్ముడు, కూరగాయలామెతో.

“వద్దని చెప్పు. వాడికి పడదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి,” అన్నాడు అన్న, టమాటాలు ఏరుతూ.

మాటపట్టింపుతో ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. చూసిపోదామని వచ్చిన మరిదినీ, మొగుణ్ణీ ఒకే స్కూటరెక్కించి వదినే బజారుకి తరిమింది.

“పక్కపక్కనే ఉండి మధ్యలో నా నోరెందుకు నొప్పెట్టిస్తారు? మీలో మీరే తేల్చుకోండి,” అంది కూరగాయలామె, తక్కెడ దించేసి.

దద్దుర్ల సంగతి తమ్ముడి భార్యకే గుర్తుండదు. అతను అన్నవైపు తిరిగాడు.

“నాకు బెండకాయ చాల్లే, అన్నయ్యా. నువ్వు తిను.”

అన్న తలెత్తలేదు. “సంచీ సరిగ్గా పట్టుకోరా,” అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర, “ఉప్పు ఇలా జరపరా,” అన్న మాట విని, అందించబోయిన చేతిని వదిన మెల్లగా వెనక్కి తీసుకుంది.