అడ్డమొచ్చిన ఫిల్టరు

వాన జోరుగా పడుతుండగా తెల్ల డీజిల్ వ్యాను ఒకటి హారన్ కొట్టుకుంటూ నేరుగా షెడ్డులోకి వచ్చి ఆగింది. లోపలున్నాయన దిగలేదు. ఇంజనూ ఆపలేదు. జల్లు కొడుతోంది, షట్టరు దించమని అద్దంలోంచే సైగ చేశాడు.

షెడ్డు నడిపేది పానా అక్క. చేతిలో పానా లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు గనక ఆ పేరు. భర్త పక్కనే సొట్టలు తీసే పని చేస్తాడు. అత్తగారు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని నట్లు ఏరిపెడుతుంది. ఆవిడకు ఆయాసం.

పానా అక్క షట్టరు ముట్టుకోలేదు. ముందు ఇంజను ఆపమంది. మూసిన షెడ్డులో బండి నడిస్తే ఆ పొగకి మనుషులు కళ్ళు తిరిగి పడిపోతారని, ఆపడం కుదరకపోతే బయట పెట్టుకోమని చెప్పింది.

"ఏసీ ఆగిపోతుంది కదా," అన్నాడాయన, అంతకన్నా పెద్ద ప్రమాదం లోకంలో లేనట్టు.

చివరికి ఆపాడు. ఆపుతూ, పానా పట్టిన ప్రతివాళ్ళూ డాక్టర్లయిపోయారని గొణిగాడు.

మీటరు మీద పసుపు దీపం ఆరడం లేదు. బండి లాగడం లేదు. పానా అక్క చూసి, పొగలో మసిని పట్టే ఫిల్టరు నిండిపోయిందని తేల్చింది. రోజంతా ఒకేచోట నిలబెట్టి ఇంజను ఆడిస్తే ఇంతేనంది. అప్పుడప్పుడూ పెద్దరోడ్డు మీద వేగంగా తోలితే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోయేదట. ఇప్పుడా దశ దాటిపోయింది. విప్పి శుభ్రం చేయించాలి. విప్పాలన్నా ముందు చల్లారాలి. రేపు సాయంత్రం తీసుకెళ్ళమంది.

రేపా అని ఆయన నవ్వాడు. గాలి కొట్టి ఊదెయ్యమన్నాడు. ఊదితే ఆ మసి ఎవరి ముక్కులోకి పోతుందని ఆమె అడిగి, అత్తగారి వైపు చూసింది. ఆయనా చూశాడు, మూలన పడేసిన పాత టైరును చూసినట్టు.

"అసలా ఫిల్టరే పీకెయ్. అక్కడో ఉత్త గొట్టం పెట్టు. దీపం వైరు కత్తిరించు."

"అది నేను చెయ్యను సార్. ఎందుకు చెయ్యనో మీకు నేను చెప్పాలా?"

"ఎవడు పట్టుకుంటాడమ్మా నన్ను?"

భర్త ఆమెను పక్కకు పిలిచాడు. ఆయనతో పెట్టుకోవద్దని, ఆయన పగబడితే మన షెడ్డు గుమ్మం ఏ బండీ తొక్కదని బతిమాలాడు. షెడ్డు మూసుకుంటాను గానీ ఆ పని మాత్రం చెయ్యనని ఆమె అందరికీ వినబడేలాగే చెప్పింది.

అప్పుడాయన పొగ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బండి అన్నాక పొగ రాదా అన్నాడు. కట్టెల పొయ్యి ముందు మన అమ్మమ్మలు బతకలేదా అన్నాడు. ఊపిరితిత్తులు అంత సుకుమారమైన వాళ్ళు రోడ్డు మీదికి రావడమెందుకన్నాడు. షెడ్డులో డీజిల్ వాసన పడక, ఇదంతా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే చెప్పాడు.

ఎదుటి షెడ్డువాడికి ఇన్ని పట్టింపులు లేవు. వాన తెరిపిచ్చేలోపే ఫిల్టరు పీకి గొట్టం బిగించాడు. చల్లారనివ్వని ఇనుము తగిలి వాడి మోచెయ్యి బొబ్బలెక్కింది. ఆయన అద్దం దించి చూసిన పాపాన పోలేదు.

పోతూపోతూ వ్యానును పానా అక్క షెడ్డు ముందు ఆపి, కావాలనే యాక్సిలరేటరు తొక్కి పట్టాడు. నల్లటి పొగ లోపలికంటా కమ్మేసింది. అత్తగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరి అందలేదు. పానా అక్క ఆవిడను వెనక గదిలోకి నడిపించుకుపోయింది. ఇందాక బతిమాలిన భర్త ఇన్‌హేలరు తెచ్చి, తల్లి వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"చూశావా, ఇప్పుడెట్లా లాగుతోందో," అని బయటినుంచి కేకేసి ఆయన కదిలాడు.

నేరుగా కూడలికి వెళ్ళి, రోజూ నిలిపే చోటే వ్యాను నిలిపి, వెనక తలుపు తెరిచి, 'ఇచ్చట వాహనాల పొగ తనిఖీ చేయబడును' అన్న బోర్డు బయటపెట్టి, ఎదురొచ్చిన మొదటి లారీకి చెయ్యి అడ్డం పెట్టాడు.