దానంతటదే నడిచే మెషీన్

"వర్చువల్ మెషీన్ తెరుచుకోవడం లేదమ్మాయ్! బిల్లులన్నీ అందులోనే ఇరుక్కున్నాయి, లారీలు గేటు దగ్గర ఆగిపోయాయి," అని మేనమామ ఫోన్‌లో లబోదిబోమన్నాడు.

ఆమె స్టవ్ కట్టేసి కుర్చీ లాక్కుంది. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే ఆ మెషీన్‌ని ఆయన కంపెనీలో పెట్టింది ఆమే.

"డిస్కులో చోటుందా మామయ్యా?"

"సగం ఖాళీయే."

"మెమరీ?"

"కావలసినంత ఉంది. రీస్టార్ట్ కూడా చేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిన్నటిదాకా గుర్రంలా పరిగెత్తిందే!"

"ఎర్ర అక్షరాల్లో ఏమైనా వస్తోందా? చదివి చెప్పు."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని కూడబలుక్కుంటూ చదివాడు. "యజమాని ఖాతా దొరకలేదట. దాని ఎదురుగానే కూర్చున్నానుగా, కనబడటం లేదా?"

ఆమె బల్ల మీదున్న అట్టపెట్టె వైపు చూసింది. ఆఫీసు నుంచి తెచ్చుకున్న కప్పు, చార్జరు, పాత స్వెట్టరు అందులో ఉన్నాయి.

"దాని యజమాని ఖాతా నాది మామయ్యా. మెషీన్ దానంతటదే నడుస్తోంది, ఇక నీతో పనేముంది అని పొద్దున నా ఉద్యోగంతో పాటు ఆ ఖాతా కూడా తీసేయించావు."

ఆయన గొంతు వెన్నలా మెత్తబడింది.

"అంతేనా తల్లీ! ఇప్పుడే మళ్ళీ పెట్టిస్తానుండు."

ఆమె చెయ్యి పెట్టెలోని కప్పు మీదికి పోయింది. "ఉద్యోగంలోనా మామయ్యా?"

"అబ్బే, మెషీన్‌లో. అది తెరుచుకునేదాకానే. తర్వాత తీసేయిస్తాలే, కంగారుపడకు."