మూలుగుతోంది, తిరగట్లేదు

"మెకానిక్‌నని మాత్రం చెప్పకు," అన్నాడు నెల్స్, తండ్రి ఇంటి ముందు కారు ఆపుతూ. "ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బాగుచేసేవాణ్ని మా నాన్న నలభై ఏళ్లుగా గడప తొక్కనివ్వలేదు. వాళ్లంతా దొంగలంటాడు."

"మరి ఏం చేస్తుంటానని చెప్పను?" అంది మార్లిస్.

"ఆఫీసులో పని అను. ఇంకేం అడగడు. మర్యాదస్తుడు."

మార్లిస్ తలూపింది. పెళ్లికి ఆరు వారాలుంది. తల్లి లేని నెల్స్‌కి తండ్రి మాటే వేదం. ఇంతకుముందు తెచ్చిన అమ్మాయిని ఆయన ఒక్క కప్పు కాఫీతో సాగనంపాడట.

నార్త్ డకోటాలో జనవరి అంటే ఊపిరి కూడా గడ్డకడుతుంది. తలుపు తీసిన నెల్స్ తండ్రి హాల్వర్ ఇంట్లోనే రెండు స్వెటర్లు, చెవుల టోపీ వేసుకుని ఉన్నాడు.

"రామ్మా. లోపలా ఇంతే చలి. ఫర్నేస్ మొరాయించింది. ఐదు నిమిషాల పని."

కొత్త ఫిల్టరు కావాలని కొడుకుని నలభై మైళ్ల దూరంలోని కొట్టుకి తరిమాడు.

ఐదు నిమిషాలు గంటయింది. మార్లిస్ కోటు విప్పకుండా ఫర్నేస్ ఉన్న నేలమాళిగ మెట్ల మీద కూర్చుంది. మంట వెలుగుతోంది. వేడిగాలిని ఇంట్లోకి నెట్టే బ్లోవర్ మోటారు మూలుగుతోంది, తిరగట్లేదు. కాసేపటికి లోపల వేడెక్కిపోయి మంట దానంతటదే ఆరిపోతోంది. ఆ మూలుగు వినగానే ఆమెకి అర్థమైంది. గొడవ మోటారుకి మొదటి తోపునిచ్చే చిన్న డబ్బా, కెపాసిటర్ దగ్గరే. చేతులు దురద పెట్టాయి. వాటిని తొడల కింద దాచుకుంది.

హాల్వర్ మీటలు నొక్కాడు. ఫ్యూజులు చూశాడు. ఫిల్టరు దులిపాడు. కెపాసిటర్ దగ్గరికి తప్ప అన్నిచోట్లకీ వెళ్లాడు.

"నీకేమనిపిస్తోందమ్మా?"

"నాకేం తెలుసండీ! మా అమ్మమ్మ వాళ్ల ఫ్యాన్ ఒకటి ఇలాగే మూలిగేది."

"మరేం చేశారు?"

"ఎవరో వచ్చి చిన్న డబ్బాలాంటిదేదో మార్చారు."

"వాడూ దొంగే అయ్యుంటాడు," అంటూ ఆయన మళ్లీ ఫిల్టరు దులిపాడు.

రెండో గంటకి కాఫీ తెచ్చాడు.

"వద్దండీ."

"కొంచెం."

"అబ్బే."

"సగం కప్పే."

మూడోసారి అడిగాక తీసుకుంది. ముందే తీసుకుంటే అక్కడ మొరటుతనం. సాసరులో కప్పు టకటకలాడింది. ఆయన చేతులు వణుకుతున్నాయి. గోళ్లు నీలం తిరిగాయి.

"పోనీ ఎవరినైనా పిలుద్దామా?" అంది మెల్లగా.

"కంఠంలో ప్రాణముండగా ఆ దొంగల్ని రానివ్వను."

మార్లిస్ ఆ గోళ్ల వంక చూసింది. పెళ్లి అయితే అవుతుంది, లేకపోతే లేదు. కప్పు మెట్టు మీద పెట్టి లేచింది.

"నేనూ ఆ దొంగల్లో ఒకదాన్నేనండీ. పన్నెండేళ్లుగా ఇదే పని. కాస్త జరగండి."

హాల్వర్ పక్కకి జరిగాడు.

ఆమె కరెంటు ఆపి, రేకు తలుపు తీసి, లోపలికి లైటు వేసింది. కెపాసిటర్ నిక్షేపంలా ఉంది. దాని తీగ ఒకటి ఊడి పక్కకి ఒదిగి ఉంది. గట్టిగా తగిలించి, తలుపు మూసి, కరెంటు ఇచ్చింది. మంట అందుకుంది. కాసేపటికి బ్లోవర్ గిర్రున తిరిగింది. గొట్టంలోంచి వెచ్చటి గాలి ఇంట్లోకి పరుగెత్తింది.

మార్లిస్ తలెత్తలేదు. "దాచినందుకు క్షమించండి. నెల్స్ రాగానే వెళ్లిపోతాను."

హాల్వర్ పై స్వెటరు తలమీంచి లాగేశాడు.

"నీ మర్యాద మండ, మా చెల్లెలింటి ఫర్నేస్ బాగుచేసింది నువ్వేనని నెల కిందటే తెలిసి, అరగంటలో ఒప్పుకుంటావులే అని పొద్దున నా చేతులతో ఆ తీగ పీకితే, రెండు గంటలు నన్ను గడ్డకట్టించావు కదే!"