గురువుగారి గొంతు

“టోపీ ఇంకాస్త కిందికి లాగు నాయనా. ఆయన కనుబొమలు నీకెక్కడివి?” అంది క్లోదీన్.

జెర్వే గురువుగారి నిద్ర టోపీని కళ్ల మీదికి లాక్కుని, దుప్పటి గడ్డం దాకా కప్పుకున్నాడు. పరుపులో ఆమె భర్త మోర్వాన్ పడుకున్న గుంట ఇంకా అలాగే ఉంది. తెల్లవారుజామున ఆయన ప్రాణం పోయింది ఆ మంచం మీదే. శవాన్ని ఇద్దరూ మోసుకెళ్లి పక్క గదిలో పడుకోబెట్టారు.

లియోన్ నాటకశాలలో నలభై ఏళ్లుగా గడుసు పనివాడి వేషమంటే మోర్వాన్‌దే. దొరను బురిడీ కొట్టించి, దొర కొడుక్కి నచ్చిన పిల్లతో పెళ్లి చేసి, తన వీపుకు దెబ్బలు తప్పించుకునే వేషం. జనం పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వించిన పాపానికి చర్చి సమాధుల తోటలో చోటివ్వరట! నాటకం వదిలేశానని చచ్చేలోపు సంతకం పెడితేనే ఇస్తారు. “పెట్టను గాక పెట్టను” అని మోర్వాన్ నాటకశాల మెట్ల మీద నిలబడి అరిచాడు. తానూ ఎన్నడూ పెట్టనని జెర్వే చేత కూడా ఒట్టు వేయించాడు. ఇరవై ఏళ్లు ఆయన వెనకే తిరిగి నడకా, నవ్వూ, చివరికి దగ్గు కూడా నేర్చుకున్న జెర్వేకి ఆయన దేవుడితో సమానం.

“ఆయన మాట పోతుందమ్మా,” అన్నాడు.

“పోయేది ఆయన మాటా? నీది. నా బిడ్డ ఆ తోటలో ఉంది జెర్వే. తండ్రిని ఊరవతల గుంటలో కుక్కను పారేసినట్టు పారేస్తే నేను బతకలేను.”

తలుపు చప్పుడైంది. ముసలి ఫాదర్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“ఎలా ఉంది మోర్వాన్?”

“బండెక్కి కూర్చున్నాను ఫాదర్. తోలేవాడు రావడమే ఆలస్యం.”

అచ్చం గురువు గొంతే. క్లోదీన్ మొహం చేతుల్లో దాచుకుంది.

“నాటకాన్ని వదిలేస్తున్నావా?”

ఇంత పాడు వేషం జెర్వే ఎన్నడూ కట్టలేదు.

“జనాన్ని నవ్వించడం అంత తప్పా ఫాదర్?”

“అది పైవాడు తేలుస్తాడు. వదిలేస్తున్నావా, లేదా?”

“చెప్పండీ,” అంటూ క్లోదీన్ బావురుమంది. “పాప కోసమైనా చెప్పండి!”

“వదిలేస్తున్నాను.”

ఫాదర్ చాచిన కాగితం మీద ‘మోర్వాన్’ అని గీకాడు. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోతున్నా, లోపలెక్కడో గర్వంగానే ఉంది. మీరు వంగలేదు గురువుగారూ, మీ బదులు నేను వంగాను. ఆయన బెదిరిపోయాడని రేపు ఊరంతా నవ్వుకోనీ. అసలు సంగతి తనకు తెలుసు, అది చాలు.

ఫాదర్ మంచినీళ్లడిగి క్లోదీన్‌ను వంటింట్లోకి పంపాడు. ఆమె అటు వెళ్లగానే కాగితం మడిచి జెర్వే గుప్పిట్లో పెట్టాడు.

“లే నాయనా, బాగా చేశావు. రేపు పొద్దున గంటలు కొట్టిస్తాను. పాప పక్కనే పెడదాం.”

జెర్వే టోపీ తీసి లేచి కూర్చున్నాడు. “అంతా తెలిసిపోయిందా? మరి... సంతకం అక్కర్లేదా ఫాదర్?”

“ఆదివారమే ఆయన నన్ను రహస్యంగా పిలిపించుకుని, ఏడుస్తూ సంతకం పెట్టాడు.”