ఒకరు తక్కువ

"నలభై ఒకటి. ఒకరు తక్కువ" అన్నాడు గుమస్తా, హాజరు పట్టీ మీద వేలు పెట్టి.

పరుపుల ఫ్యాక్టరీ కిటికీల్లోంచి నల్లటి పొగ సుళ్ళు తిరుగుతూ లేస్తోంది. ముందు గేటు బయట వరసగా నిలబడ్డ పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోయిన నెల మాక్‌డ్రిల్ అంటూ ఇలాగే గంట కొట్టి బయట నిలబెట్టి లెక్కపెడితే, "మండుటెండలో ఈ దాగుడుమూతలేంటి" అని నవ్వినవాళ్ళే అందరూ. ఇవాళ ఎవరూ నవ్వడం లేదు.

గుమస్తా మళ్ళీ పేర్లు చదివాడు. ఒక్క పేరుకే జవాబు రాలేదు. కుట్టు విభాగం సూపర్‌వైజర్ తమ్ముడి పేరు అది.

"అయ్యో అక్కా!" అంటూ పక్కనున్న ఆడవాళ్ళు సూపర్‌వైజర్‌ని పట్టుకున్నారు.

 తమ్ముడు లోపల లేడని ఆమె ఒక్కదానికే తెలుసు. పొద్దున వాడి పేరుకెదురుగా సంతకం పెట్టింది ఆమే. "అక్కా, మా ఆవిడకి ఎనిమిదో నెల. ఇవాళ స్కానింగ్. ఒక్కదాన్నే ఎలా పంపను? పన్నెండు కల్లా వెనక గేటు నుంచి వచ్చేస్తా" అని వాడు నిన్న బతిమాలాడు. "సరేలేరా, నేను చూసుకుంటా" అంది.

ఇప్పుడు నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా. టైము చూస్తే పదకొండున్నర. వాడింకా ఆస్పత్రి బెంచీ మీదే ఉండుంటాడు. ఇటు రావద్దని చెబుదామంటే ఫోను లేదు. డ్యూటీ ఎక్కేముందు అందరి దగ్గరా తీసుకున్న ఫోన్లు లోపల బీరువాలోనే ఉన్నాయి.

ఫైరింజను వచ్చి ఆగింది. నెరిసిన మీసాల ఆఫీసరు దిగుతూనే అడిగాడు. "లోపల ఎంతమంది?"

"ఒక్కడే సార్. ఈవిడ తమ్ముడు" అన్నాడు గుమస్తా.

"కంగారుపడకమ్మా. మీవాడు ఎక్కడ పనిచేస్తాడో సరిగ్గా చెప్పు. లోపల కన్ను పొడుచుకున్నా కనబడదు. మావాళ్ళు తడుముకుంటూ పోవాలి."

ఆమె తలెత్తింది. నలభై మందీ ఆమెనే చూస్తున్నారు. వాళ్ళ వెనక మేనేజరు.

"కుడివైపు... కత్తిరింపు బల్లల వెనక" అంది.

ఇద్దరు ఫైర్‌మెన్ మాస్కులు తగిలించుకున్నారు. ఒకడి వీపు మీద సిలిండరు పట్టీ మెలిపడితే రెండోవాడు సరిచేశాడు. ఇద్దరూ పొగలోకి వెళ్ళిపోయారు.

పది నిమిషాలకి తూలుతూ బయటికొచ్చారు. మాస్కు తీసీ తీయగానే పట్టీ మెలిపడినవాడు మోకాళ్ళ మీద కూలబడి దగ్గాడు. "బల్లల వెనకంతా వెతికాం సార్. లేడు. ఊపిరాడక అవతలి గోడ వైపు పాకాడేమో. ఇంకోసారి చూస్తాం."

"పైకప్పు దూలాలు వంగుతున్నాయిరా" అన్నాడు ఆఫీసరు. ఒక్క క్షణం ఆగి, "ఐదే నిమిషాలు" అన్నాడు.

సిలిండరు మార్చుకుని వెళ్తూ, ఇందాక దగ్గినవాడు ఆమె ముందు ఆగాడు. "భయపడకక్కా, తీసుకొస్తాం" అన్నాడు.

వాడి కనుబొమలు కాలి ఉన్నాయి. వాడు గుమ్మం దాటి పొగలో కలిసిపోయేదాకా చూసింది. ఇక ఆమె వల్ల కాలేదు. ఆడవాళ్ళ చేతులు విదిలించుకుని ఆఫీసరు దగ్గరికి పరిగెత్తింది.

"వాళ్ళని ఆపండి సార్! లోపల ఎవరూ లేరు. మా తమ్ముడు ఇవాళ పనికే రాలేదు. సంతకం నేనే పెట్టాను."

ఆఫీసరు ఆమెను తిట్టలేదు. తిట్టే తీరిక కూడా లేదు. వైర్‌లెస్‌లో అరిచాడు. "వచ్చేయండి! లోపలెవరూ లేరు! వెంటనే వచ్చేయండి!"

వాళ్ళిద్దరూ గుమ్మం దాటి బయటికి పదడుగులు వేశారో లేదో, పైకప్పు పెళపెళమంటూ కూలింది. వేడిగాలికి అందరూ వెనక్కి తూలారు.

"ఇంకొక్క నిమిషం నోరు విప్పకపోయుంటే ఈ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి నేనేం చెప్పేవాణ్ణమ్మా?" అన్నాడు ఆఫీసరు. ఆ గొంతులో కోపం కంటే అలుపే ఎక్కువ వినిపించింది.

"తప్పయిపోయింది సార్. మొదటే చెప్పాల్సింది."

ఇందాక ఓదార్చిన ఆడవాళ్ళు దూరం జరిగారు. మేనేజరు మొహం తిప్పుకున్నాడు. పోతే పోనీ వెధవ ఉద్యోగం, ఎవరి ప్రాణం మీదకీ రాలేదు, అంతే చాలు అనుకుంటూ ఆమె రోడ్డు అంచున కూలబడింది.

అప్పుడే వెనక గేటు కాపలాదారు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మీ తమ్ముడు ఇటు నుంచేమైనా బయటికొచ్చాడా? ఇందాక ఆస్పత్రి నుంచి అటే వచ్చాడు. మనవాళ్ళలో ఒకరు లోపల ఉండిపోయారట అన్నానంతే, చెయ్యి పట్టుకుని ఆపినా ఆగకుండా, వాళ్ళని తీసుకొస్తానంటూ లోపలికి పరిగెత్తాడు."