కోడి నడిస్తే

కోడి కాలు మళ్ళీ వాచింది.

లామ్నాటు గంప ఎత్తి చూసి, గబుక్కున మళ్ళీ మూసేసింది. గదిలో చాప మీద కూతురు తిపాయ పడుకుని ఉంది. ఈ కబురు పిల్లకి ఏ నోటితో చెప్పాలి?

నెందో తాత ఎముకలు కట్టే పద్ధతి తమాలే ఊరి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కాలు విరిగిన మనిషిని తెస్తే, తన ఇంట్లోనే ఉంచుకుని, వాళ్ళు తెచ్చిన కోడికీ అదే కాలు విరుస్తాడు. ఇద్దరికీ ఒకటే షియా గింజల వెన్న రాసి, ఒకేలాంటి బద్దలు పెట్టి కడతాడు. కోడి కుంటకుండా నడిచిన రోజున మనిషికి కట్లు విప్పి ఇంటికి పంపేస్తాడు. కోడి నడవకపోతే మనిషీ నడవనట్టే.

తిపాయ స్నానాల దడిలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకుందని అల్లుడు సులెమానా చెప్పాడు. పాపం, తనే మోటార్‌సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు, చెట్టు మీంచి పడ్డవాడూ, లారీ గుద్దినవాడూ, అందరూ నడిచి వెళ్ళిపోయారు. తిపాయ కోడి మాత్రం లేచి నాలుగడుగులు వేసేలోపే మళ్ళీ కూలబడుతోంది.

తాత కోడి కాలు వేళ్ళతో తడిమి చూశాడు.

"అతుక్కున్న ఎముక మళ్ళీ విరిగింది. ఇది రోగం కాదమ్మాయ్. ఎవరిదో చెయ్యి."

మరి పిల్ల కాలో అని అడిగింది లామ్నాటు. పైకి గట్టిపడ్డట్టే ఉందిగానీ ముట్టుకుంటే కేకలు పెడుతోందనీ, కోడి చెప్పందే తను విప్పననీ అన్నాడు తాత. కొత్త బద్దలు కట్టి వెళ్ళిపోయాడు.

ఎవరి చెయ్యో లామ్నాటుకి వెతుక్కోనక్కర్లేకపోయింది. అజారా, తిపాయ సవతి. సంకటీ బెండకాయ పులుసూ పట్టుకుని వస్తుంది. కోడికి తనే గింజలు చల్లుతుంది. పోతూ పోతూ తిపాయ చెవిలో ఏదో ఊదుతుంది.

ఆ రోజూ వచ్చింది.

"తొందరేముంది పిన్నీ? చెల్లిని ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ."

లామ్నాటుకి ఒళ్ళు మండింది. "ఎందుకుండనివ్వవూ. మొగుడు మొత్తం నీకే మిగులుతాడుగా."

"మిగులుతాడు పిన్నీ," అంది అజారా, వాచిన దవడ మీదికి ముసుగు లాక్కుంటూ. "మొత్తం నాకే మిగులుతాడు."

ఎంత పొగరు, అనుకుంది లామ్నాటు.

అల్లుడు అలా కాదు. సంత నుంచి వస్తూ పెండలం దుంపలూ, గిన్నెకోడి గుడ్లూ తెచ్చేవాడు. పెళ్ళాం మొహం చూడకముందే గంప ఎత్తి కోడిని చూసేవాడు. ఇంకా నడవలేదా అత్తా, అని నవ్వేవాడు. అతను ఉన్నంతసేపూ తిపాయ గోడవైపు తిరిగి పడుకునేది. ఇంత మంచివాడి వెంట వెళ్ళలేకపోతున్నానని పిల్ల కుమిలిపోతోందని తల్లి అనుకునేది. కుంటిదైపోతే అతను మాత్రం ఎన్నాళ్ళని ఎదురుచూస్తాడు?

వారాలు గడిచాయి. కోడి లేచింది. ఒకడుగు, ఇంకో అడుగు, వాకిలి దాకా. తాత తల ఊపాడు. శుక్రవారం నమాజు నుంచి రాగానే అందరి ముందూ నడిపించి చూసి, కట్లు విప్పుతానన్నాడు. అల్లుడికి కబురు వెళ్ళింది.

ఆ మాట విన్నప్పటినుంచీ తిపాయ ముద్ద ముట్టలేదు. సంతోషానికి ఆకలి ఉండదులే అనుకుంది లామ్నాటు.

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళంతా మసీదుకి పోయారు. వాకిలి బోసిగా ఉంది. అజారా రావాలంటే ఇదే సమయం. లామ్నాటు బావికి పోతున్నానని కూతురికి వినపడేలా చెప్పి, కడవ పట్టుకుని బయటికి నడిచి, చుట్టు తిరిగి వచ్చి గాదె వెనక నక్కింది. చేతిలో రోకలి. ఇవాళ ఆ చెయ్యి దొరికితే విరిచేదాకా వదలనని ఒట్టు పెట్టుకుంది.

ఎండ చిటపటలాడుతోంది. గంపలో కోడి గింజలు ఏరుకుంటోంది. బయటినుంచి ఎవరూ రాలేదు.

దారి మీద అల్లుడి మోటార్‌సైకిల్ చప్పుడు వినబడింది.

ఆ చప్పుడు దగ్గరయ్యేలోపే, ఊతకర్రయినా లేకుండా రెండు కాళ్ళ మీదా గదిలోంచి చకచకా నడిచొచ్చి, గంప ఎత్తి, కళ్ళు మూసుకుని, కోడి కాలు పుటుక్కున విరిచింది తిపాయ.